కాలు ఆనే బండే తొలి బండి కావాలి

పదో తరగతి దాటితే సెల్‌ఫోను.. ప్లస్‌టూ అయితే బండి! హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఇప్పుడు నడుస్తున్న లెక్క ఇది. మే నెలలో ఫలితాలు వస్తాయి. ఆ వెంటనే కాలేజీలు తెరుస్తారు. ఈ మధ్యలో ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. కొడుక్కి బులెట్టు కావాలి.. లేదంటే డ్యూక్‌. తల్లికి స్కూటరైతే చాలనిపిస్తుంది. తండ్రి మనసులో స్ప్లెండర్‌ ఉంటుంది. పక్క వీధి పిల్లోడు ఏం తీశాడో చూసొచ్చి కొడుకు పట్టు పడతాడు. ‘ఆ బండి మీద పోతే అందరూ నవ్వుతారు నాయనా’ అంటాడు. చివరకు నెగ్గేది ఆ పట్టే. పిల్లోడి కాలు నేలకు ఆనుతుందా, ఏ దారిలో తోలాలి, నెలకు పెట్రోలు ఎంత పోయాలి అన్న మాటలు ఆ పంచాయితీలో వినపడవు. నిజానికి వినపడాల్సినవి అవే.

బండి కొనడం తప్పని ఎవరూ అనరు. బేరికె, బాగలూరు, శూళగిరి, వేపనపల్లి వంటి ఊళ్ల నుంచి కాలేజీకో, సిప్కాట్‌లో షిఫ్టుకో పోవాలంటే బస్సు కోసం నిలబడే ఓపిక, సమయం రెండూ ఉండవు. రాత్రి షిఫ్టు దిగినవాడికి ఊరి బస్సు దొరకదు. బండి ఇక్కడ విలాసం కాదు, అవసరం. కొనాలా వద్దా అన్నది కాదు ఇక్కడి మాట. జీవితంలో మొట్టమొదటిసారి గేరు వేయబోయే మనిషి చేతికి ఏ రకం బండి ఇవ్వాలన్నదే.

బండ్ల సీమలో ఉంటూ..

ఈ ప్రశ్న వేసుకోవడానికి హోసూరును మించిన చోటు లేదు. టీవీఎస్‌ 50 మోపెడ్‌ 1980లో ఇక్కడి నుంచే రోడ్డెక్కింది. 1984లో ఇండ్‌-సుజుకి పేరుతో 100 సీసీ మోటారు సైకిల్‌ వచ్చిందీ ఈ ఊరి నుంచే. అటు చెన్నైలో 1955 నుంచి బులెట్లు తయారవుతున్నాయి. ఇటు మైసూరులో 1960 దశకం నుంచి 1996 దాకా జావా, ఎజ్డీలు తయారయ్యాయి. ఇప్పుడు ఏథర్‌ కరెంటు స్కూటర్ల ఫ్యాక్టరీ హోసూరులో ఉంది. ఓలా ఫ్యాక్టరీ ఇదే కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో ఉంది. బండి చేసే చేతులు ఇక్కడివే. చాలా ఇళ్లలో తండ్రో, అన్నో, అక్కో ఏదో ఒక లైనులో బోల్టు బిగించినవారే. బండి లోపలి సంగతి ఇంత తెలిసిన ఊళ్లో కూడా, కొనే రోజు వచ్చేసరికి సినిమాలో హీరో తోలిన బండి, ట్యాంకు మీది స్టిక్కరు, సైలెన్సర్‌ చప్పుడు ముందుకొస్తున్నాయి.

చట్టం గీయని గీత

మన దేశంలో 18 ఏళ్లు నిండితే గేర్లున్న మోటారు సైకిల్‌కు లైసెన్సు ఇస్తారు. ముందు ఎల్‌ఎల్‌ఆర్‌, 30 రోజుల తర్వాత పరీక్ష. ఆర్టీఓ ఆఫీసు మైదానంలో 8 అంకె ఆకారంలో కాలు కింద పెట్టకుండా తిప్పి చూపాలి. హోసూరు కుర్రాళ్లు ‘ఎట్టు వేయడం’ అనేది దీన్నే. చాలామంది ఈ ఎట్టును స్నేహితుడి పాత బండి మీదో, తేలికపాటి 100 సీసీ బండి మీదో వేస్తారు. ఆ కార్డు చేతికొచ్చిన మరుసటి రోజు 650 సీసీ బండి ఎక్కినా అడిగేవారు లేరు. 8 హార్స్‌పవర్‌ బండికీ, 40కి మించిన బండికీ ఒకటే లైసెన్సు.

చాలా దేశాల్లో ఇలా ఉండదు. ఐరోపా దేశాల్లో మోటారు సైకిల్‌ లైసెన్సు మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదటి మెట్టులో 125 సీసీ లోపు బండ్లకే అనుమతి. రెండో మెట్టులో 35 కిలోవాట్ల దాకా, అంటే సుమారు 47 హార్స్‌పవర్‌ దాకా తోలవచ్చు. దాని మీద రెండేళ్లు నడిపిన తర్వాతే ఏ బండైనా తోలే లైసెన్సుకు పరీక్ష. మెట్లు తొక్కకుండా నేరుగా పెద్ద బండికి పోవాలనుకుంటే సాధారణంగా 24 ఏళ్లు నిండాలి. జపాన్‌లోనూ 50, 125, 400 సీసీ.. ఆపైన అంటూ వేర్వేరు అంచెలున్నాయి. మన చట్టం ఆ మెట్లు కట్టలేదు. కాబట్టి ఆ మెట్లు ఇంట్లోనే కట్టుకోవాలి. తండ్రో, తల్లో, అన్నో గీత గీయాలి. ‘ఏడాది పాటు ఇది తోలు, ఆ తర్వాత నీకు నచ్చింది చూద్దాం’ అని చెప్పే గొంతు ఇంట్లో ఒకటుండాలి.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. అదే ఏడాది హెల్మెట్‌ లేక చనిపోయినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. ఎక్కువ ప్రమాదాలు నమోదైన రాష్ట్రం తమిళనాడు.. 64,105. ఈ అంకెల వెనుక ఏ బండి రకం ఎంతన్నది లేదు. చిన్న బండి మీద పోయినవాళ్లూ ఇందులో ఉంటారు. అందుకే ‘చిన్న బండి తీస్తే ప్రాణానికి ఢోకా లేదు’ అని ఎవరైనా అంటే అది అబద్ధం. కానీ తొలి ఏడాదిలో చేసే పొరపాట్లు అందరూ చేసేవే. క్లచ్‌ ఒక్కసారిగా వదలడం, మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టడం, ఇసుక మీద బెదరడం, ఎదుటి లారీ వేగాన్ని తప్పుగా అంచనా వేయడం. ఈ పొరపాట్లకు చిన్న బండి విధించే శిక్ష చిన్నది. పెద్ద బండి విధించేది పెద్దది. అసలు తేడా అదే.

వేగం లెక్క కూడా చూడాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగం 80కి పెరిగితే, బ్రేకు పట్టాక బండి ఆగే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. బ్రేకు పట్టాలని బుర్రకు తట్టడానికి ఒక్క సెకను పట్టినా, 80 మీద పోయే బండి ఆ సెకనులోనే 22 మీటర్లు దూసుకుపోతుంది. 40 హార్స్‌పవర్ల బండి ఆ 80ని అందుకోవడానికి నాలుగైదు సెకన్లు కూడా తీసుకోదు. కొత్తగా తోలేవాడికి అంత వేగం చేతిలో ఉందన్న సంగతి తెలిసేలోపే అది దాటిపోతుంది.

ఏ రకం.. ఎవరికి?

షోరూములో నిలబెట్టిన బండ్లన్నీ అందంగానే ఉంటాయి. రకాలు తెలుసుకుంటే సగం మోజు దానంతటదే దిగుతుంది.

రోజువారీ బండ్లు: 100 నుంచి 125 సీసీ దాకా ఉండే స్ప్లెండర్‌, షైన్‌, రైడర్‌ వంటివి. స్ప్లెండర్‌ ప్లస్‌ బరువు సుమారు 112 కిలోలు, సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. నిటారుగా కూర్చోవచ్చు, కాళ్లు సరిగ్గా కిందికి వస్తాయి, సందుల్లో సులువుగా తిరుగుతుంది. పడితే ఒక్కడే లేపుకోవచ్చు. వెనుక తల్లి చీరతో కూర్చున్నా ఇబ్బంది ఉండదు. లోపాలూ ఉన్నాయి. టైర్లు సన్నం. హైవే మీద పక్క నుంచి కంటైనర్‌ దూసుకుపోతే గాలికి బండి ఊగుతుంది. 80 దాటితే ఇంజిను గోల పెడుతుంది. ఆ గోల కూడా కొత్తవాడికి ఒక హెచ్చరికే అనుకోవాలి.

150-160 సీసీ వీధి బండ్లు: పల్సర్‌, అపాచీ వంటివి. పల్సర్‌ 150 బరువు సుమారు 148 కిలోలు, సీటు ఎత్తు స్ప్లెండర్‌దే. డిస్కు బ్రేకు, ఏబీఎస్‌ ఉంటాయి. రోజూ హైవే ఎక్కక తప్పనివారికి, కాస్త సైకిలు, మోపెడ్‌ అలవాటున్నవారికి ఇది మధ్యే మార్గం.

స్పోర్ట్స్‌ బండ్లు: ఆర్‌15 వంటివి. సీటు 815 మిల్లీమీటర్లు. ముందుకు వంగి కూర్చోవాలి. శరీరం బరువు మణికట్ల మీద పడుతుంది. హ్యాండిల్‌ ఎక్కువ తిరగదు. గాంధీరోడ్డు రద్దీలో యూ టర్ను కొట్టాలంటే రెండుసార్లు వెనక్కి తోసుకోవాలి. వెనుక సీటు గద్దె మీద కూర్చున్నట్టు ఉంటుంది. అమ్మనో, అవ్వనో ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన రోజున దీని సంగతి అర్థమవుతుంది. బండి చెడ్డది కాదు. అది చేసింది వేరే పని కోసం.

బులెట్‌ తరహా బండ్లు: క్లాసిక్‌ 350 బరువు 195 కిలోలు, సీటు 805 మిల్లీమీటర్లు. హంటర్‌ 350 కాస్త తేలిక, 181 కిలోలు. ఇవి సహజంగా నెమ్మది బండ్లు. తొక్కి తోలేవి కావు. ఆ రకంగా కొత్తవాళ్లకు మంచివే అనిపిస్తుంది. చిక్కంతా నిలిపినప్పుడే. ఎత్తు దారిలో ట్రాఫిక్‌లో ఆగితే, వాలు నేల మీద నిలిపిన బండిని వెనక్కి లాగాల్సి వస్తే, 55 కిలోల కుర్రాడికి 195 కిలోల ఇనుము ఎదురు తిరుగుతుంది. కాలు ఒక్క అంగుళం జారితే బండి కాలి మీదే పడుతుంది.

క్రూజర్లు: అవెంజర్‌ వంటివి. సీటు 737 మిల్లీమీటర్లే. పొట్టివాళ్లకు రెండు పాదాలూ నిండుగా ఆనుతాయి. ఇది పెద్ద వరం. అయితే బండి పొడవు ఎక్కువ, కాళ్లు ముందుకు చాచి కూర్చోవాలి. గతుకులు వస్తే కాళ్ల మీద లేచి నిలబడలేరు, దెబ్బంతా నడుముకే.

అడ్వెంచర్‌ బండ్లు: ఎక్స్‌పల్స్‌, హిమాలయన్‌ వంటివి. మట్టి దారికి, గుంతలకు వీటిని మించినవి లేవు. కానీ సీటు 825 మిల్లీమీటర్లు. అయిదడుగుల నాలుగంగుళాల మనిషి మునివేళ్ల మీద నిలబడాలి. ఒక పక్క గుంత ఉంటే ఆ మునివేళ్లూ అందవు.

దారిని బట్టే బండి

ఒకే జిల్లాలో ఎన్ని రకాల దారులో! బెంగళూరు-హోసూరు-కృష్ణగిరి జాతీయ రహదారి, పాత 7వ నంబరు, ఇప్పుడు 44. రాత్రింబవళ్లు లారీలే. అత్తిబెలె దాటి బొమ్మసంద్ర, ఎలక్ట్రానిక్‌ సిటీకి రోజూ పోయేవాడి దారి ఇది. దీని మీద 100 సీసీ బండితో లారీల మధ్య దూరడం కన్నా 125 నుంచి 160 సీసీ ఏబీఎస్‌ బండితో ఎడమ పక్క నిలకడగా పోవడం మేలు. కానీ లైసెన్సు వచ్చిన మొదటి రోజే ఈ దారి ఎక్కకూడదు. రెండు మూడు నెలలు ఊరి లోపలి రోడ్ల మీద చేయి కుదిరాకే.

తళి, డెంకణికోట, అంచెట్టి దారులది ఇంకో కథ. మలుపులు, ఏటవాలు, అడవి. చీకటి పడితే ఏనుగులు రోడ్డు దాటుతాయి. ఈ దారిలో కావాల్సింది వేగం కాదు. మంచి హెడ్‌లైటు, ఇంజిను బలంతో దిగే ఓపిక, తక్షణం ఆపి వెనక్కి తిప్పుకోగలిగే తేలిక. దిగుడులో గేరు న్యూట్రల్‌ చేసి పెట్రోలు మిగిలిస్తున్నామనుకునే అలవాటు కొందరికి ఉంది. ఇంజిను పట్టు లేకుండా బ్రేకుల మీదే బండిని దించితే అవి వేడెక్కి పట్టు వదులుతాయి. ఇది ఏ రకం బండికైనా ప్రమాదమే.

ఇక రాయకోట మార్కెట్టుకు టమాటాలు, హోసూరుకు గులాబీలు, కూరగాయలు తెచ్చే రైతు బిడ్డల సంగతి. వీళ్లకు మొదటి బండి అంటే సగం ఎద్దుబండి. మూట కట్టాలి, పాల క్యాన్‌ తగిలించాలి. వంద సీసీ మోపెడ్‌ను ఎగతాళి చేసే కుర్రాళ్లు గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటుంది. ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టింది ఆ మోపెడ్డే. తోటకూ ఇంటికీ మధ్య తిరిగేవాడికి 200 సీసీ బండి మొదటి వర్షానికే భారమవుతుంది.

ఆడపిల్లల సంగతేంటి?

తొలి బండి అనగానే అందరి కళ్ల ముందూ మగపిల్లోడే మెదులుతాడు. సిప్కాట్‌ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లను చూస్తే ఆ లెక్క తప్పని తెలుస్తుంది. 2018లో తమిళనాడు ప్రభుత్వం ఉద్యోగం చేసే మహిళలకు స్కూటర్‌ ధరలో సగం, గరిష్ఠంగా 25 వేల రూపాయలు రాయితీ ఇచ్చే పథకం మొదలుపెట్టినప్పుడు ఎన్నో ఇళ్లలో తొలిసారి ఆడవాళ్ల పేరు మీద బండి వచ్చింది. ఆడపిల్ల అనగానే స్కూటరే అని తేల్చేయడం కూడా సరికాదు. గేరు బండి నేర్చుకుంటానంటే తేలికపాటి 100, 125 సీసీ బండి ఆమెకూ సరిపోతుంది. కాలు ఆనడం, బరువు మోయడం అన్న కొలతలు ఆడవాళ్లకు, మగవాళ్లకు ఒకటే. చున్నీ, చీర కొంగు వెనుక చక్రంలో చిక్కుకోకుండా అడ్డు ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. వెనుక కూర్చునేవాళ్లకు పట్టుకునే కడ్డీ, కాళ్లు పెట్టుకునే చోటు, చక్రంలో సగం కప్పే అడ్డు తప్పనిసరి. అందం తగ్గుతుందని షోరూములోనే చీర గార్డు పీకించి తెచ్చే కుర్రాళ్లకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

వాయిదా ఒక్కటే ఖర్చు కాదు

2025 సెప్టెంబర్‌ 22 నుంచి 350 సీసీ దాకా బండ్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటిన వాటిపై 40 శాతమైంది. దీంతో బులెట్‌ తరహా బండ్లు మరింత దగ్గరగా కనిపిస్తున్నాయి. ‘నెలకు ఇంతే కదా’ అని షోరూములో వాయిదా లెక్క చూపుతారు. ఇంటికొచ్చాక మొదలయ్యే లెక్క వేరు. రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరిగితే 1,040 కిలోమీటర్లు. లీటరుకు 60 ఇచ్చే బండికి సుమారు 17 లీటర్లు. 35 ఇచ్చే బండికి సుమారు 30 లీటర్లు. లీటరు 100 రూపాయలుగా లెక్కేసుకున్నా నెలకు 1,200 రూపాయలకు పైగా తేడా. ఏడాదికి దాదాపు 15 వేలు అవుతుంది. ఆ డబ్బుతో మంచి హెల్మెట్‌, రెయిన్‌కోటు, చేతి గ్లౌజులు, మంచి బూట్లు వస్తాయి, ఇంకా మిగులుతుంది. బండికి లక్షన్నర పోసి, హెల్మెట్‌ దగ్గర రోడ్డు పక్కన 300 రూపాయలకు బేరమాడటం ఇప్పుడు మామూలైపోయింది. 2021 జూన్‌ 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు లేని హెల్మెట్‌ అమ్మడమే నేరం. పోలీసు కోసం పెట్టుకునేది వేరు, తల కోసం పెట్టుకునేది వేరు.

సరిహద్దు తిప్పలు

మొదటి బండి కొత్తదే కావాలని లేదు. రెండు మూడేళ్లు తిరిగిన చిన్న బండి తీసుకోవడమే తెలివైన పని. నేర్చుకునేటప్పుడు నాలుగు గీతలు పడితే కడుపు మండదు. ఏడాది తర్వాత అమ్మినా పెద్దగా నష్టం రాదు. అయితే సరిహద్దు ఊళ్లలో ఒక జాగ్రత్త ఉంది. బెంగళూరు నుంచి కేఏ నంబరు, కుప్పం వైపు నుంచి ఏపీ నంబరు బండ్లు ఇక్కడ చవగ్గా దొరుకుతాయి. ఆర్‌సీ చేతికిచ్చి, డబ్బు తీసుకుని, ‘మార్చుకోండన్నా’ అని అమ్మినవాడు పోతాడు. బండి ఏడాదికి మించి ఈ రాష్ట్రంలో ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, పన్ను కట్టాలి. దానికి ముందు పాత ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే ఫారం 28 కావాలి. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు కావాలి. అప్పుమీద కొన్న బండైతే ఆ అప్పు తీరినట్టు కాగితం కావాలి. ఈ కాగితాలన్నీ చేతికి రాకముందే డబ్బంతా ఇస్తే, చవగ్గా వచ్చిన బండి ఆర్టీఓ ఆఫీసుల చుట్టూ తిరగడానికే సరిపోతుంది.

పాత బండిలో ఇంకో సంగతి చూడాలి. 2019 ఏప్రిల్‌ 1 నుంచి అమ్మే కొత్త బండ్లలో 125 సీసీ దాటితే ఏబీఎస్‌, ఆ లోపు వాటికి కనీసం సీబీఎస్‌ తప్పనిసరి అయింది. ఒక బ్రేకు తొక్కితే రెండు చక్రాలూ పట్టేది సీబీఎస్‌. గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది ఏబీఎస్‌. కంగారులో బ్రేకు ఎలా పట్టాలో ఇంకా తెలియని కొత్తవాడికి ఈ రెండూ కొండంత అండ. అంతకు ముందు బండి పది వేలు తక్కువకు వచ్చినా తొలి బండిగా వద్దు.

అవతలి వాదన

‘ఎలాగూ పెద్ద బండి కొంటాం, చిన్నది కొని మళ్లీ మార్చడం డబ్బు దండగ కదా’ అనేవాళ్లున్నారు. పాత చిన్న బండితో ఆ నష్టం ఎంత తక్కువో పైన చూశాం. పెద్ద బండి కింద పడి ఇండికేటరు, లివరు, ట్యాంకు మార్పించుకునే ఖర్చు దానికన్నా తక్కువేమీ కాదు. ‘పెద్ద బండికి బ్రేకులు బాగుంటాయి, అదే క్షేమం’ అనేవాళ్లూ ఉన్నారు. ఇందులో నిజం ఉంది. బ్రేకులు, టైర్లు, లైట్లు మంచివే. కానీ వాటిని వాడే చేయి ఇంకా కుదరలేదు. ‘మా తాత మొదటి బండే బులెట్టు’ అని ఇంకొందరు. ఆ రోజుల్లో దారి మీద ఇన్ని లారీలు లేవు, తాత కూడా పొలం గట్ల మీద ఏళ్ల తరబడి సైకిలు తొక్కి, ఎద్దులను తోలి, దారి చూసే కన్ను తెచ్చుకున్నవాడే.

పిల్లల మనసు కూడా అర్థం చేసుకోవాలి. 18 ఏళ్ల వయసులో బండంటే పోయి రావడానికే కాదు. నలుగురిలో తనకంటూ ఒక గుర్తు. దాన్ని ఎగతాళి చేస్తే మాట వినరు. ‘నువ్వు కోరింది తప్పు’ అనడం కన్నా ‘దానికి ఇంకో మెట్టు ఉంది’ అనడం మేలు. ఏడాది పాటు ఒక్క చలానా లేకుండా, హెల్మెట్‌ మరవకుండా తోలి చూపిస్తే పెద్ద బండికి ఇంత డబ్బు కలుపుతామని తండ్రి మాటివ్వాలి. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి కూడా.

18 నిండకుండానే తాళం చెవి ఇచ్చే ఇళ్లకు మాత్రం ఈ మినహాయింపు లేదు. 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనరు బండి తోలి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్‌ ఏడాది రద్దు. ఆ పిల్లోడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ‘సందులోనే కదా’ అని ఇచ్చిన తాళం సందు దాటడానికి ఎంతసేపు?

షోరూములో చేయాల్సినవి

బండి చూడ్డానికి పోయేటప్పుడు కొనేవాడు రోజూ వేసుకునే చెప్పులు, బూట్లతోనే పోవాలి. సీటు మీద కూర్చుని రెండు పాదాల ముందు భాగమైనా నేలకు ఆనుతుందో లేదో చూడాలి. ఒక్క కాలు మునివేళ్లే అందితే ఆ బండి వదిలేయడమే. ఇంజిను ఆపి, సీటు మీద కూర్చునే బండిని పది అడుగులు వెనక్కి నెట్టి చూడాలి. సెంటర్‌ స్టాండు ఉంటే సొంతంగా వేసి తీయాలి. హ్యాండిల్‌ పూర్తిగా తిప్పినప్పుడు చేతులు నిండుగా అందుతున్నాయా, క్లచ్‌ నాలుగు వేళ్లతో తేలిగ్గా లాగగలుగుతున్నారా చూడాలి. ఇంట్లో ఎక్కువసార్లు వెనుక కూర్చునేది ఎవరో వారినీ తీసుకుపోయి కూర్చోబెట్టాలి. లైసెన్సు ఉన్న పెద్దవారితో టెస్ట్‌ రైడు చేయించాలి. ఇవన్నీ చేయడానికి అరగంట పడుతుంది. రంగు ఎంచుకోవడానికే గంట పెడుతున్నప్పుడు ఈ అరగంట ఎక్కువేం కాదు.

కరెంటు బండ్లు మొదటిసారి తోలేవారికి గేరు, క్లచ్‌ గొడవ లేకుండా చేశాయి. హోసూరులో తయారయ్యేవే ఎన్నో ఉన్నాయి. అయితే యాక్సిలరేటర్‌ తిప్పగానే చప్పుడు లేకుండా దూకే గుణం వాటికి ఉంది. ఎకో మోడ్‌లో పెట్టి కొన్ని వారాలు తోలడం మంచి అలవాటు. తళి, అంచెట్టి వైపు పోయేవాళ్లు చార్జింగు ఎంత దూరం వస్తుందో లెక్క చూసుకుని కొనాలి.

ఊరి పెద్దలు పిల్లలకు ఈత నేర్పేటప్పుడు నేరుగా లోతు బావిలోకి తోసేవారు కాదు. ముందు మెట్ల దగ్గర, నడుముకు బెండు కట్టి, ఒకరు పక్కనుండి నేర్పేవారు. అయినా లోతు నీళ్లు చూడకుండా ఎవరూ పెరగలేదు. కాస్త ఆలస్యంగా చూశారంతే. బండి విషయంలో ఆ పద్ధతిని పక్కన పెట్టేశారు. మెట్ల మీద నిలబడాల్సిన వయసులో పిల్లలు లోతులోకి దూకుతున్నారు. కావాల్సినంత బండి తోలే రోజులు ముందున్నాయి. ఆ రోజుల దాకా పిల్లల్ని క్షేమంగా చేర్చేదే మంచి తొలి బండి. దాని పేరేదైనా, రంగేదైనా, ఎదురింటోళ్లు ఏమన్నా సరే.